చెయ్యి పడిన రాయి

2022 మే 7న నాసా వారి క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద, షార్ప్ పర్వతం వాలులో ఒక ఫొటో తీసింది. రాతిగట్టులో నిలువుగా ఒక గుమ్మం. అంచులు తిన్నగా చెక్కినట్టున్నాయి, లోపల చీకటి. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగి మా ప్రొద్దుటూరు పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చింది. వేసవి సెలవులయ్యి బడి తెరిచేసరికి తొమ్మిదో తరగతిలో దాన్ని చూడనివాళ్ళు లేరు. "సార్, అంగారకుడి మింద వాకిలి కనపడిందంట గదా సార్, లోపల ఎవురుంటారు?" అని అడిగారు.

బల్ల మీదున్న స్కేలు తీసి నిలువుగా పట్టుకున్నాను. ఆ గుమ్మం ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 40 అని నాసా వాళ్ళు కొలిచి చెప్పారు. అంటే స్కేలంత ఎత్తు. వెనక బెంచీల్లో కొందరి ముఖాలు చిన్నబోయాయి. ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "చిన్నదైతే ఏమయితాది సార్? ఆడ ఉండేటోళ్ళు గూడా చిన్నోళ్ళేమో!"

ఆ ప్రశ్న సరైనదే. గుమ్మం చిన్నదని చెప్పినంత మాత్రాన దాన్ని ఎవరూ కట్టలేదని రుజువు కాదు. ఒక ఆకారాన్ని చూసినప్పుడు అది చేతితో చేసిందా, తనంతట తాను ఏర్పడిందా అని తేల్చడం ఎట్లా? అంగారకుడి మీద ప్రాచీన నగరాలున్నాయని, పిరమిడ్లున్నాయని, రెండు కిలోమీటర్ల రాతి ముఖం ఉందని దాదాపు యాభై ఏళ్ళుగా కొందరు చెబుతూ వస్తున్న మాటలన్నీ చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి. దీన్ని నేర్చుకోవడానికి కడప జిల్లా పిల్లలకు ఉన్న వసతి ప్రపంచంలో చాలామందికి లేదు. మాకు గండికోట ఉంది.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పోయే చోట, లోయ అంచున కోట కట్టారు. ఇప్పుడు దాన్ని అమెరికాలోని ఒక పెద్ద లోయ పేరుతో పిలవడం అలవాటైంది. నాకది నచ్చదు. పెన్న తన పేరుతోనే పెద్దది. కోట లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, రాయల చెరువు, కత్తుల కోనేరు ఉన్నాయి. మసీదు దాటి లోయ వైపు నడిస్తే రాళ్ళ మీద నుంచి ఎక్కి దిగుతూ అంచుకు చేరాలి. అక్కడ నిలబడి ఎదుటి గట్టును చూసిన పిల్లలు ప్రతి జట్టులోనూ ఒకే మాట అంటారు. "సార్, ఈ గోడ ఎవురు కట్టినారు?"

నిజంగానే గోడలాగే ఉంటుంది. ఎర్రటి దిమ్మెలు వరసలు వరసలుగా, నాలుగు పలకలుగా, కొలిచి పేర్చినట్టు. కొన్ని ఒంటిగా నిలబడి బురుజుల్లాగా కూడా కనిపిస్తాయి. వాటిని ఎవరూ కట్టలేదు. వంద కోట్ల ఏళ్ళకు చాలా ముందు ఇక్కడొక లోతులేని సముద్రం ఉండేది. దాని ఇసుక పొరలుపొరలుగా పడి, అణిగి, రేణువుల మధ్య సిలికా చేరి గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. భూగర్భశాస్త్రంలో ఈ పొర పేరే 'గండికోట క్వార్ట్‌జైట్'. తర్వాత భూమి లోపలి ఒత్తిళ్ళకు ఆ రాయి నిలువునా పగిలింది. పగుళ్ళు రెండు దిక్కుల్లో పోయి, ఒకదాన్నొకటి ఇంచుమించు అడ్డంగా కోసుకున్నాయి. నిలువు పగుళ్ళు రెండు రకాలు, వాటికి తోడు పొరకూ పొరకూ మధ్య అడ్డగీత. మూడూ కలిస్తే పలకల దిమ్మె తయారవుతుంది. ఎండా వానా పగుళ్ళను వెడల్పు చేశాయి. పెన్న కింద నుంచి కోసింది.

ఇక వెనక్కి తిరిగితే కోట గోడ. అది కూడా ఈ కొండ రాయే. అదే రంగు, అదే దిమ్మెలు. కట్టిన గోడ, కట్టని గోడ ఒకే చోట ఒకే రాతితో పక్కపక్కన ఉన్నాయి. పిల్లల్ని రెంటి మధ్యా నిలబెట్టి, తేడా ఏమిటో చూసి చెప్పమంటాను.

మా నాయన ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనుల్లో పనిచేసేవాడు. ఊళ్ళో వాళ్ళు కడప బండలనేవి అవే. ఇళ్ళలో కింద పరుస్తారు, మిద్దెకు వేస్తారు, పొలం గట్టున కంచెకు పాతుతారు. ఆ సున్నపురాయి పొరలుగా ఊడివస్తుంది, నిలువు పగుళ్ళు ముందే ఉంటాయి. నాయన గడ్డపార దించేముందు బండ మీద సుత్తితో తట్టి చప్పుడు వినేవాడు. "రాయే దావ చూపిస్తాది, మనం దానెంబడి పోవల్ల" అనేవాడు. నాకు చాలా చిన్నప్పుడే ఆయన నేర్పిన సంగతి ఇంకొకటుంది: దావ రాయిదే అయినా, మనిషి చెయ్యి పడితే గుర్తు పడుతుంది. సమ్మెట తగిలిన అంచు పెళ్ళలుగా లేస్తుంది. ఉలి నడిచిన చోట గాట్లు ఒక వాటంగా ఉంటాయి. చీల దిగ్గొట్టడానికి తొలిచిన గుంతలు వరసగా, ఒకే దూరంలో మిగులుతాయి. పగలగొట్టిన చోట పనికిరాని ముక్కలు గుట్టగా పడుంటాయి. చెయ్యి పడిన రాయి ఆ సంగతి దాచుకోలేదు.

గండికోటలో పిల్లలు కాసేపటికి పట్టేసే తేడా ఇంకొకటి. కోట గోడలో కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాదు. ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు, అతుకు మీద అతుకు వస్తే గోడ అక్కడే చీలుతుందని. లోయ గట్టులో అట్లా కాదు. నిలువు పగులు చాలాచోట్ల నాలుగైదు వరసల్ని తిన్నగా కోసుకుంటూ కిందికి పోతుంది. పగులుకు గోడ నిలబడాలన్న చింత లేదు. దిమ్మెల ఆకారం రెండు గోడల్లోనూ ఒకటే. తేడా అంతా అతుకుల్లో ఉంది.

కోట అంటే గోడొక్కటే కాదు కదా. మనుషులు బతికారంటే నీళ్ళు కావాలి, కోనేరు ఉంది. తిండి కావాలి, ధాన్యాగారం ఉంది. దారి ఉంది, సున్నం ఉంది, శాసనాలున్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన చరిత్ర ఉంది. తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 1652లో ఇక్కడికొచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసిన సంగతి తన యాత్రాగ్రంథంలో రాశాడు. ఇన్ని వైపుల నుంచి సాక్ష్యం వచ్చి ఒకే చోట కలుస్తుంది. ఎదుటి గట్టుకు ఉన్నది ఆకారం ఒక్కటే.

క్యూరియాసిటీ తీసిన ఆ గుమ్మానికి కూడా అంతే. దాని చుట్టూ ఉన్న గట్టంతా కనిపించే పెద్ద ఫొటో చూస్తే తిన్నటి పగుళ్ళు అటూ ఇటూ ఎన్నో ఉన్నాయి. అవి కలుసుకున్న చోట ఒక ముక్క ఊడిపోయి గుమ్మమైంది. ఫోన్లలో తిరిగింది ఆ ఒక్క ముక్కనే కత్తిరించిన బొమ్మ. చుట్టుపక్కల రాతిని తీసేస్తే గండికోట గట్టులోనూ ఇట్లాంటి గుమ్మాలు కావలసినన్ని దొరుకుతాయి.

ఇప్పుడు ఈ కథల్లో అన్నిటికన్నా పేరున్నదానికి వస్తాను.

1976 జులైలో వైకింగ్ 1 నౌక అంగారకుడి చుట్టూ తిరుగుతోంది. దాని నుంచి విడిపోయిన ల్యాండర్ 20వ తేదీన దిగింది. వెనక వచ్చే వైకింగ్ 2 ఎక్కడ దిగాలో వెతకడానికి, పైనున్న నౌక ఉత్తరార్ధంలోని సిడోనియా ప్రాంతాన్ని ఫొటోలు తీస్తోంది. జులై 25న తీసిన వాటిలో 35ఏ72 అనే నంబరున్న ఫొటోలో ఒక గుట్ట మనిషి ముఖంలా ఉంది. నుదురు, రెండు కళ్ళు, ముక్కు, నోరు. నాసా ఆ ఫొటోను దాచలేదు. కొద్ది రోజులకే విడుదల చేసి, ఇది వెలుగునీడల వల్ల ముఖంలా కనిపిస్తోందని కింద రాసింది కూడా. వైకింగ్ ప్రధాన శాస్త్రవేత్త జెరాల్డ్ సాఫెన్ విలేఖరులకు అదే చెప్పాడు.

తర్వాత గాడర్డ్ అంతరిక్ష కేంద్రంలో పనిచేసే విన్సెంట్ డిపియెట్రో, గ్రెగరీ మోలెనార్ అనే ఇద్దరు ఇంజినీర్లు పాత ఫొటోలు తిరగేసి, అదే గుట్టది ఇంకో ఫొటో పట్టుకున్నారు. నంబరు 70ఏ13. సూర్యుడు కొంచెం వేరే ఎత్తులో ఉన్నా ముఖం ముఖంలాగే ఉంది కాబట్టి ఇది నీడల వల్ల ఏర్పడింది కాదని వాళ్ళ వాదన. ఆ వాదన తప్పయినా, రెండో ఫొటో కోసం వెతికిన పద్ధతిని నేను గౌరవిస్తాను. ఆ తర్వాత రిచర్డ్ హోగ్లాండ్ అనే రచయిత వచ్చాడు. 1987లో అంగారకుడి కట్టడాల మీద ఆయన పుస్తకం వెలువడింది. ముఖానికి దగ్గరున్న గుట్టల్ని 'నగరం' అన్నాడు. ఒక గుట్ట అయిదు మూలల పిరమిడ్, ఇంజినీర్లిద్దరి పేర్ల మీద దాన్ని డి అండ్ ఎమ్ పిరమిడ్ అన్నారు. ఇంకొకదానికి 'కోట' అని పేరు పెట్టాడు. ఆ గుట్టల మధ్య కోణాలు కొలిచి, వాటి నిష్పత్తుల్లో గణితంలోని ప్రసిద్ధ సంఖ్యలు దాగున్నాయని, అదొక సందేశమని చెప్పాడు.

కోట అన్నారు కాబట్టి నాకు తెలిసిన కోటతోనే కొలిచి చూస్తాను. వైకింగ్ ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద సుమారు 50 మీటర్లు. అంతకన్నా చిన్నదేదీ విడిగా కనిపించదు. గండికోట దగ్గర పెన్న లోయ వెడల్పు దాదాపు మూడు వందల అడుగులంటారు. ఆ కెమెరాతో తీస్తే లోయ రెండు చుక్కలవుతుంది. జామియా మసీదు ఒకటి రెండు చుక్కల్లో కలిసిపోతుంది. కోనేటి మెట్లు, గోడ అతుకులు, ధాన్యాగారం తలుపు, ఏవీ ఉండవు. మనిషి చేతి గుర్తు ఒక్కటి కూడా మిగలదు. నిజమైన కోటనే కోటని తేల్చలేని ఫొటో అది. అట్లాంటి ఫొటోలోని గుట్టను చూసి కోట అనడం ఎట్లా కుదురుతుంది? సిడోనియా గుట్ట పొడవు సుమారు రెండు కిలోమీటర్లు, అంటే ఆ చివరి నుంచి ఈ చివరికి నలభై చుక్కలు. అన్ని తక్కువ చుక్కల్లో మూల ఎక్కడుందో పెట్టుకోవడం మన ఇష్టం. గీత కాస్త అటు జరిపితే ఒక కోణం, ఇటు జరిపితే ఒక కోణం. కావలసిన సంఖ్య వచ్చేదాకా జరుపుకోవచ్చు.

ఫొటోలో ముక్కు రంధ్రంలా కనిపించే నల్లచుక్క ఒకటుంది. అది నేల మీద లేదు. కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి రేడియో తరంగాల మీద వచ్చే సమాచారంలో కొన్ని చుక్కలు చెడిపోయాయి. అటువంటి నల్లచుక్కలు ఫొటో అంతటా ఉన్నాయి, వాటిలో ఒకటి సరిగ్గా ముక్కున్న చోట పడింది. సూర్యుడేమో ఒక పక్కన, దిగువన, దిగంతానికి ఇరవై డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. సగం ముఖం పూర్తిగా నీడలో ఉంది. వెలుగులో ఉన్న సగాన్ని చూసి నీడలోని సగాన్ని మన మెదడే పూర్తి చేసుకుంది.

మెదడుకు ఆ అలవాటు గట్టిగా ఉంది. పుట్టిన పసిబిడ్డ కూడా ముఖంలాంటి బొమ్మ వైపే ఎక్కువసేపు చూస్తుంది. ముఖాల్ని పోల్చుకోవడానికి మెదడులో ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. మబ్బుల్లో, గోడ మరకల్లో, కొండల్లో ముఖాలు కనబడటాన్ని శాస్త్రజ్ఞులు 'పరైడోలియా' అంటారు. ఇది జబ్బు కాదు, తెలివితక్కువతనం కాదు. చూపున్న ప్రతివాడికీ కలిగేదే. సిడోనియా ముఖం చూసి ఒళ్ళు జలదరించిన వాళ్ళను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా అట్లాగే ఉంటుంది.

ఖగోళవేత్త కార్ల్ సేగన్ కూడా వాళ్ళను తోసెయ్యలేదు. అది కట్టడం కాదనే ఆయన అనుకున్నాడు. అయినా ఈ వాదాన్ని పరీక్షించడం సాధ్యమే, మళ్ళీ వెళ్ళినప్పుడు ఇంకా మంచి కెమెరాతో తీసి చూడాలి అన్నాడు. 1998 ఏప్రిల్ 5న ఆ పని జరిగింది. మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌకలో మైకేల్ మాలిన్ బృందం తయారుచేసిన కెమెరా ఉంది, ఒక్కో చుక్క 4.3 మీటర్లు. బొమ్మలో ముఖం లేదు, అరిగిపోయిన గుట్ట ఉంది. ఆ రోజు పల్చటి మబ్బుంది, ముఖాన్ని మబ్బు కప్పేసిందని నమ్మినవాళ్ళు అన్నారు. సరే, 2001 ఏప్రిల్ 8న మబ్బులేని రోజు చూసి, నౌకను పక్కకు తిప్పి మళ్ళీ తీశారు. ఈసారి ఒక్కో చుక్క 1.56 మీటర్లు. నలభై చుక్కల గుట్ట ఇప్పుడు పన్నెండు వందల చుక్కలకు పైగా అయింది. పైన కాస్త చదునుగా, పక్కలు జారిపోయి, గతుకులు పడి ఉన్న గుట్ట. నాసా శాస్త్రవేత్త జిమ్ గార్విన్ దాన్ని అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని ఒక గుట్టతో పోల్చాడు. మనిషి ఎక్కాలంటే ఏ దారిన ఎక్కాలో పటం కూడా గీశాడు. 2006లో యూరప్ వారి మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌక దాన్ని మూడు కొలతల్లో చూపించింది. సిడోనియా అంతా ఇట్లాంటి గుట్టలే. దక్షిణాన ఎత్తైన నేల, ఉత్తరాన పల్లపు మైదానం కలిసేచోట కోతకు కొట్టుకుపోగా మిగిలినవి.

కెమెరా మెరుగయ్యేకొద్దీ నిజమైన కట్టడం ఇంకా స్పష్టం కావాలి. గండికోటను 50 మీటర్ల చుక్కల నుంచి ఒకటిన్నర మీటరు చుక్కలకు మారిస్తే గోడ గోడలా, కోనేరు కోనేరులా, మసీదు మీనార్ల నీడలు విడివిడిగా తేలతాయి. సిడోనియాలో దానికి విరుద్ధంగా జరిగింది. చూపు పదునెక్కగానే ముఖం కరిగిపోయింది.

అంగారకుడి విషయంలో అట్లా జరగడం అది మొదటిసారి కాదు. 1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లి దూరదర్శినిలో సన్నటి గీతలు చూశాడు. 1894 నుంచి అమెరికాలో పెర్సివల్ లోవెల్ అవి కాలువలని, నీళ్ళు ఎండిపోతున్న లోకంలో ఒక ప్రాచీన జాతి ధ్రువాల నుంచి నీళ్ళు తెచ్చుకోవడానికి తవ్వినవని పుస్తకాలు రాశాడు. ఏటా నీళ్ళ కోసం చూసే రాయలసీమలో పుట్టినవాడిని కాబట్టి ఆ కథలోని బాధ నాకు తగులుతుంది. కానీ లండన్ దగ్గర గ్రీనిచ్‌లో ఖగోళవేత్త వాల్టర్ మాండర్ చేసిన పరీక్ష అంతకన్నా బాగా తగులుతుంది. అక్కడి బడి ప్రధానోపాధ్యాయుడు ఎవాన్స్‌ను తోడు తీసుకుని, అంగారకుడి మచ్చలున్న బొమ్మను గోడకు పెట్టి, పిల్లల్ని రకరకాల దూరాల్లో కూర్చోబెట్టి చూసింది చూసినట్టు గియ్యమన్నాడు. బొమ్మలో చుక్కలూ మచ్చలే తప్ప గీతలు లేకపోయినా, పిల్లలు చాలామంది తిన్నటి గీతలు గీశారు. ఆ పరీక్ష ఫలితం 1903లో అచ్చయింది. కళ్ళు పూర్తిగా విడదీయలేని చుక్కల్ని మెదడు కలుపుకుని గీత చేస్తుందని దాంతో తేలింది. 1965 జులైలో మారినర్ 4 అంగారకుడి పక్కగా పోతూ ఫొటోలు పంపింది. కాలువలు లేవు, ఉల్కలు పడిన గుంతలున్నాయి.

మా జిల్లాలో కొండల మధ్య కనబడేదాని గురించి ఇంకో కథ ఉంది. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండను చీల్చుకుని పోయే చోట గండి ఆంజనేయస్వామి క్షేత్రం ఉంది. లంక నుంచి తిరిగివస్తున్న రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండలకూ బంగారు తోరణం కట్టాడని, అది ఇప్పటికీ పుణ్యాత్ములకు, అవసానం దగ్గరపడిన వాళ్ళకు కనిపిస్తుందని చెప్పుకుంటారు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా చేసి తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు అది కనిపించిందని, ఆ తర్వాతే ఆయన పోయాడని పెద్దలు చెబుతారు. మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట చరిత్ర. తోరణం భక్తుల నమ్మకం. దాన్ని కొలిచి చూడమని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ టేపు పట్టుకుని పోను. సిడోనియా వాదం అట్లాంటిది కాదు. కోణాలు చెప్పి, కొలతలు చెప్పి, ఇది శాస్త్రమని మన ముందు పెట్టారు. కొలతలు చెప్పినవాళ్ళు కొలతకు నిలబడాలి.

ఈ వివాదమంతా చదివినప్పుడల్లా నన్ను బాధపెట్టేది ఒకటుంది. ముఖాలు, పిరమిడ్ల మీద జనం పెట్టుకున్న ఆశలో కొంతైనా అసలు ప్రశ్న వైపు తిరగాల్సింది. అంగారకుడి మీద ఒకప్పుడు నిజంగా నీళ్ళు పారాయి. ఆ నీళ్ళలో ప్రాణం ఉండిందా? దానికి జవాబు చెప్పగలిగే రకం రాళ్ళు పులివెందుల పక్కన ఉన్నాయి.

కడప భూగర్భ ప్రాంతం అర్ధచంద్రాకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త దీన్ని నడిచి, కొలిచి 1872లో గ్రంథం రాశాడు. అందులోని ఒక రాతిపొరకు వేంపల్లె పేరుంది. అది డోలమైట్, సున్నపురాయికి దగ్గరి చుట్టం. అందులోనే తుమ్మలపల్లె దగ్గర యురేనియం తవ్వుతున్నారు. పులివెందుల చుట్టుపక్కల ఈ పొరల్లోకి కింద నుంచి కరిగిన రాయి చొరబడి గట్టిపడింది. దాని వయసును శాస్త్రజ్ఞులు సుమారు 188 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టారు. అది చొరబడిన పొరలు, వాటికి అడుగునున్న వేంపల్లె డోలమైట్ అంతకన్నా పాతవి.

వేంపల్లె వైపు గుట్టల్లో ఆ డోలమైట్‌ను పరకాయించి చూస్తే గిన్నెలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపు తిరిగిన గీతలు కనిపిస్తాయి. కొన్ని గుప్పెడంత, కొన్ని ఇంకా పెద్దవి. ఎవరో చెక్కారేమో అనిపిస్తుంది. వీటిని స్ట్రొమటొలైట్లంటారు. లోతులేని వెచ్చటి సముద్రంలో కంటికి కనబడని సూక్ష్మజీవులు, ముఖ్యంగా సయనోబ్యాక్టీరియా, జిగట పొరగా పరుచుకునేవి. నీళ్ళలో వచ్చే సన్నటి మట్టి, సున్నపు రేణువులు ఆ జిగటకు అంటుకునేవి. వెలుగు కోసం జీవులు దాని మీదికి ఎగబాకి కొత్త పొర వేసేవి. మళ్ళీ మట్టి, మళ్ళీ పొర. అట్లా వేల ఏళ్ళు. ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట ఇట్లాంటివి ఇప్పటికీ బతికి పెరుగుతున్నాయి. మనం పీల్చే ప్రాణవాయువును మొదట గాలిలోకి వదిలింది ఈ జాతి జీవులే.

దీని దగ్గర నిలబడినప్పుడు పిల్లలకు చెప్పడానికి నాకు మాటలు చాలవు. గండికోట దగ్గర వాళ్ళు రెండు రకాల రాళ్ళు చూశారు, చెయ్యి పడింది, పడనిది. ఇది మూడోది. చేతులు లేనివి, కళ్ళు లేనివి, ప్రాణం మాత్రమే ఉన్నవి కట్టింది.

దీన్ని గుర్తుపట్టడం కూడా తేలిక కాదు. 2016లో గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ళ స్ట్రొమటొలైట్లు దొరికాయని ప్రకటించారు. శంకువుల్లాంటి ఆకారాలు, పత్రికలన్నిట్లో వచ్చాయి. ఎబిగేల్ ఆల్‌వుడ్ అనే శాస్త్రవేత్త తన బృందంతో అక్కడికి వెళ్ళి, రాయిని ముందు నుంచే కాక పక్కవైపు నుంచి కూడా కోసి చూసింది. ముందు నుంచి శంకువులా ఉన్నది పక్క నుంచి చూస్తే పొడుగ్గా సాగిన గట్టు. లోపల ఉండాల్సిన పొరలు లేవు. భూమి లోపలి ఒత్తిడికి రాయి నలిగి ఏర్పడిన ఆకారమని 2018లో ఆమె బృందం రాసింది. వాదన ఇంకా నడుస్తోంది. నాకు ఇందులో నచ్చింది ఆమె చేసిన పని. ఒకవైపు నుంచి కనబడినదాన్ని ఇంకోవైపు నుంచి చూసింది. సిడోనియా గుట్టకు జరగాల్సిన పరీక్ష అదే, మా నాయన బండ చుట్టూ తిరిగి చూసేదీ అందుకే.

ఆల్‌వుడ్ అంగారకుడి పని కూడా చేసింది. 2021 ఫిబ్రవరి 18న జెజెరో అనే పాత సరస్సు గుంతలో దిగిన పర్సెవరెన్స్ రోవర్ చేతికి పిక్సల్ అనే పరికరం ఉంది, రాయిలో ఏ మూలకం ఎక్కడుందో సన్నగా గీసి చూపిస్తుంది. దాన్ని నడిపించింది ఆమే. 2024 జులైలో ఆ రోవర్ ఒకప్పుడు నీళ్ళు పారిన వాగు దగ్గర ఒక రాయి చూసింది. దానికి చెయావా ఫాల్స్ అని పేరు పెట్టారు. దాని మీద చిరుతపులి మచ్చల్లాంటి చిన్న మచ్చలున్నాయి, వాటి అంచుల్లో ఇనుము, ఫాస్ఫరస్ కలిసిన ఖనిజాలున్నాయి. భూమి మీద ఇట్లాంటివి బురదలో సూక్ష్మజీవుల వల్ల ఏర్పడతాయి. జీవం లేకుండా కూడా ఏర్పడగలవు. 2025 సెప్టెంబరులో దీని మీద నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం, ఇది జీవం గుర్తు అయ్యే అవకాశం ఉంది అన్నంతవరకే చెప్పింది. రాయిని తొలిచి తీసిన నమూనా ఇంకా అంగారకుడి మీదే ఉంది. దాన్ని భూమికి తెచ్చి ప్రయోగశాలలో కోసి చూస్తే తప్ప తేలదు. రెండు కిలోమీటర్ల రాతి ముఖం కన్నా గసగసాలంత మచ్చ నాకు ఎక్కువ నిద్ర పట్టనివ్వదు, ఎందుకంటే దాన్ని ఇంకా ఎవరూ కొట్టెయ్యలేకపోయారు.

నాకు ఒక కోరిక ఉంది, దీన్ని చదివే అధికారులెవరైనా ఉంటారన్న ఆశతో రాస్తున్నాను. భూగర్భ సర్వే సంస్థ దేశంలో కొన్ని రాళ్ళను జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది. తిరుమల శిలాతోరణానికి ఆ గుర్తింపు ఉంది, మంగంపేట ముగ్గురాయికి ఉంది, రాజస్థాన్‌లో భోజుంద, జామర్‌కోట్ర స్ట్రొమటొలైట్లకు ఉంది. వేంపల్లె స్ట్రొమటొలైట్లకు కూడా అట్లాంటి కాపు కావాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, కంకర కోసం గుట్ట పేల్చేటప్పుడు, ఇది ఏ రాయో తెలియక పగలగొట్టేస్తారు. మంచి పొరలున్న ఒక్క గుట్టకైనా కంచె వేసి, పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టాలి: ఇవి ఎవరూ చెక్కినవి కావు, 188 కోట్ల ఏళ్ళకు ముందు ఇక్కడి సముద్రంలో బతికిన జీవులు వేసిన పొరలు అని. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి ఏ బడి పిల్లలైనా పొద్దున బయలుదేరి గండికోటా, ఆ గుట్టా రెండూ చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. బస్సు ఖర్చు మేం చూసుకుంటాం.